సంక్రాంతికి తెల్లారుజామున మూడింటికి బయల్దేరాలా? పొగమంచులో హైదరాబాద్ నుంచి భీమవరం

కొత్తస్టీరింగ్_సుధ
ఈ సంక్రాంతికి హైదరాబాద్ నుంచి భీమవరం దగ్గర మా అత్తగారి ఊరికి కారు నేనే నడపాలి. మా ఆయనకి సెలవు దొరకలేదు, భోగి నాటికి రైల్లో వచ్చేస్తారు. కార్లో నేను, అత్తయ్య, మామయ్య, నాలుగేళ్ల మా బాబు. నాకు డ్రైవింగ్ వచ్చి రెండేళ్లే. సిటీలో రోజూ నడుపుతాను, ట్రాఫిక్ అంటే భయం లేదు. భయమల్లా పొగమంచే.

మామయ్యగారు ఇప్పటికే ముహూర్తం పెట్టేశారు. "మూడింటికి బయల్దేరితే పంతంగి టోల్ దగ్గర రద్దీ తగలదు, విజయవాడలో వేడివేడిగా టిఫిన్ చేసేద్దాం" అంటారు. పోయిన డిసెంబర్లో కోదాడలో పెళ్లికి అలాగే వెళ్లాం, అప్పుడు మా ఆయన నడిపారు. సూర్యాపేట దాటాక ఉన్నట్టుండి తెల్లటి గోడ అడ్డం వచ్చినట్టయింది. బానెట్ చివర కూడా కనబడలేదు. పక్క సీట్లో కూర్చున్న నాకే కాళ్లు వణికాయి.

మూడింటికి బయల్దేరడం మంచిదేనా? తప్పకపోతే లైట్లు ఏవి వేయాలి? లోపల అద్దానికి ఆవిరి పట్టేస్తే ఏం చేయాలి? ఆ రోడ్డు మీద తిరిగినవాళ్లు చెప్పండి.

నార్కట్‌పల్లి_నవీన్
మా ఇల్లు ఆ హైవే పక్కనే. మూడింటికి హైదరాబాద్‌ల మంచు ఉండది, చౌటుప్పల్ దాక హాయిగ వస్తరు. చిక్కు ఏందంటె, మంచు తెల్లారగట్ల మొదలై పొద్దు పొడిచే యాళ్లకు ఇంక చిక్కబడ్తది. ఆరు నుంచి ఎనిమిది దాక మా దిక్కు అసలు ఏం కనబడది. మూడింటికి బయల్దేరినోళ్లు సరిగ్గ ఆ టైముకే మునగాల, కోదాడ, నందిగామ పొలాల మధ్యల ఉంటరు.

ఒక గుర్తు చెప్త. రాత్రి పండుకునే ముందు బయటికొచ్చి పైకి చూడున్రి. ఆకాశం నిండ చుక్కలుండి గాలి ఆడకుంటె తెల్లారి మంచు గట్టిగ ఉంటది. మబ్బు పట్టి ఉంటె అంత ఉండది. మబ్బు దుప్పటి లెక్క, నేల వేడిని పోనియ్యది.

స్పీడ్_సతీష్
పదిహేనేళ్లుగా ప్రతి సంక్రాంతికీ రెండు, మూడింటికే బయల్దేరుతున్నా. ఇంతవరకు ఏమీ కాలేదు. పగలు వెళ్తే టోల్ దగ్గర రెండు గంటలు పోతాయి. ఫాగ్ లైట్లు వేసుకుని ఏదైనా లారీ వెనక పడితే చాలు, దాని ఎర్ర లైట్లే దారి చూపిస్తాయి. అనవసరంగా భయపెట్టకండి.

లారీవాళ్ల_అబ్బాయి
సతీష్ గారూ, మాది లారీ ఇల్లు. మా నాన్న ముప్పై ఏళ్లు విజయవాడ, హైదరాబాద్ మధ్య బండి నడిపాడు. ఆయన మాట చెప్తాను వినండి: మంచులో లారీ వెనక పోవద్దు. ముందున్న డ్రైవరుకీ మీకు కనబడినంతే కనబడుతుంది, కాకపోతే కొంచెం ఎత్తు నుంచి. అతను దారి తప్పి మార్జిన్‌లోకి దిగితే మీరూ దిగుతారు. అతను ఆగిన బండిని కొడితే మీరు అతని కిందకి వెళ్తారు.

ఇంకోటి. పోయే లారీ కంటే ఆగిన లారీ ప్రమాదం. టైరు పంక్చరైనా, డ్రైవరుకి నిద్రొచ్చినా రోడ్డు పక్కన ఆపేస్తారు. వెనక లైటు వెలగదు, త్రికోణం బోర్డు పెట్టరు, చాలాసార్లు రెండు రాళ్లూ ఒక చెట్టుకొమ్మా వేస్తారు. ఆ కొమ్మ మీకు కనబడేటప్పటికి మీరు దాని మీదే ఉంటారు. మా బాబాయి అలాగే పోయాడు, జనవరి నెలలో, కంచికచర్ల దగ్గర. అతనికీ అంతకుముందు ఇరవై ఏళ్లు ఏమీ కాలేదు.

స్పీడ్_సతీష్
బాబాయి గారి సంగతి విని బాధగా ఉంది. లారీ వెనక వెళ్లమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. టోల్ రద్దీ మాట మాత్రం నిజమే.

లెక్కల_మాస్టారు
సుధమ్మా, ఒక లెక్క చూడు. గంటకి 80 అంటే సెకనుకి 22 మీటర్లు. అడ్డం కనబడి నీ కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికే సెకనున్నర పోతుంది, అంటే 33 మీటర్లు. ఆ తర్వాత పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కినా కారు ఆగడానికి ఇంకో 35 మీటర్లు. మొత్తం 70కి దగ్గర. అదే 40లో వెళ్తే 26 మీటర్లలో ఆగిపోతావు. వాతావరణ శాఖవారు 50 మీటర్ల లోపు మాత్రమే కనబడితే అతి దట్టమైన పొగమంచు అంటారు. ఆ మంచులో 80లో వెళ్లేవాడు తనకి కనబడని చోట ఆగుతాడన్నమాట. తెల్లవారుజామున మంచుకి రోడ్డు తడిసి ఉంటుంది, కాబట్టి ఇంకొంచెం కలుపుకోవాలి.

హైవే మీద రెండు వరసల మధ్య తెల్లగీతలు చూడు. ఒక గీత, ఒక ఖాళీ, మళ్లీ గీత. ఎన్ని గీతలు కనబడుతున్నాయో దాన్నిబట్టి వేగం తగ్గించుకో. ఒకటే కనబడుతుంటే ఇక నడపక్కర్లేదు, పక్కన బంకు వెతుక్కో.

ఉండి_రాజు
మీరంతా విజయవాడ దాకానే ఆలోచిస్తున్నారండి. సుధ గారు 65వ నంబరు జాతీయ రహదారి మీదే పామర్రు దాకా వచ్చి, అక్కణ్నించి గుడివాడ, కైకలూరు, ఆకివీడు మీదుగా కదా రావాలి. అసలు మంచు అక్కడుందండి! కొల్లేరు ఒకపక్క, ఇటూ అటూ చేపల చెరువులు, మధ్యలో కాలవ. నాలుగు వరసల హైవే మీద మంచొస్తే గుద్దుకుంటాం, మా దగ్గర మంచొస్తే కాలవలోకే. గట్టు మీద రోడ్డు వంపు తిరిగింది, మనం తిరగలేదు, అంతేనండి.

మా ఊళ్లో పెద్దవాళ్లు కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఎండ పొడ చూస్తే గానీ కాలవ గట్టు మీదకి బండి తీయరు.

మొహమాటం_మూర్తి
మామయ్యగార్ల ముహూర్తాలు మార్చడం కాలవ గట్టు కన్నా కష్టం రాజు గారూ. మా మామయ్య గారిదీ అదే మూస. పండక్కి వెళ్లాలంటే రాత్రి రెండింటికే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు.

కోదాడ_కవిత
@మొహమాటం_మూర్తి మా నాన్న బూట్లు కూడా వేసుకుంటాడు 😄

లైట్ల సంగతి ఎవరూ చెప్పలేదేంటి? సుధ గారూ, హై బీమ్ అస్సలు వద్దు. మంచంటే నీటి తుంపరలే, వెలుగు వాటిని తగిలి మీ కళ్లలోకే తిరిగొస్తుంది. లో బీమ్, కింద ఫాగ్ లైట్లు ఉంటే అవీ. వెనక ఎర్ర ఫాగ్ లైటు కొన్ని కార్లకే ఉంటుంది, మీదానికి ఉందేమో చూసుకోండి. నాలుగు ఇండికేటర్లూ వేసుకోండి.

ఎర్రబస్సు_రామం
నేను ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. కవితమ్మ చెప్పినదాంట్లో చివరి మాట తప్ప అన్నీ ఒప్పుకుంటాను. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లు వేయొద్దు. అవి ఆగిన బండికి. నువ్వు వేసుకుని పోతుంటే వెనకవాడికి నువ్వు ఆగావో పోతున్నావో తెలియదు. పైగా కుడివైపు తిరగాలంటే ఇండికేటరు ఎలా వేస్తావు?

కోదాడ_కవిత
రామం గారూ, అందరూ వేస్తారు కదా! వెనకవాళ్లకి మనం కనబడాలి కదా. ఈ ఊళ్లో నేను చూసిన ప్రతి కారూ మంచులో అలాగే వెళ్తుంది.

ఎర్రబస్సు_రామం
అందరూ వేస్తారు కాబట్టే నిజంగా ఆగిన బండి ఏదో తెలియక కొట్టుకుంటున్నారమ్మా. వెనకవాళ్లకి కనబడాలంటే హెడ్‌లైట్ స్విచ్ వేస్తే వెనక ఎర్రలైట్లు వెలుగుతాయి. బండి స్టార్ట్ చేయగానే వాటంతట అవే వెలిగే పగటిలైట్లు ఉన్న కొత్త కార్లతో జాగ్రత్త, ముందు మాత్రమే వెలుగుతాయి, వెనక చీకటే. చాలామందికి ఆ సంగతి తెలియక అలాగే పోతుంటారు. ఒకటి ఒప్పుకుంటాను: ముందు హఠాత్తుగా బండ్లు ఆగిపోయి, నువ్వూ బ్రేకు వేసినప్పుడు ఆ క్షణం నాలుగూ వెయ్యి. వెనకవాడికి అది హెచ్చరిక.

కోదాడ_కవిత
పగటిలైట్ల సంగతి నాకూ తెలియదు. ఇప్పుడే కిందకి వెళ్లి మా కారు చూసొచ్చా. మీరన్నట్టే వెనక చీకటి. నాలుగు ఇండికేటర్ల మీద మాత్రం నా మనసింకా సగమే ఒప్పుకుంది.

నోయిడా_తెలుగు
ఇక్కడ యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద ప్రతి శీతాకాలం వేగ పరిమితే తగ్గించేస్తారు. కార్లకి మామూలుగా 100, డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా 75. అయినా ఏటా ఒకదాని వెనక ఒకటి గుద్దుకోవడం చూస్తూనే ఉన్నాం. ఇక్కడ మంచు ఒక్కోసారి మధ్యాహ్నం దాకా తీయదు. మన దగ్గర తొమ్మిదికల్లా ఎండొచ్చి విచ్చుకుపోతుంది, అది మన అదృష్టం. ఆ రెండు గంటలు ఆగడానికి మనకి ఎందుకంత కష్టమో నాకు అర్థం కాదు.

మెకానిక్_మస్తాన్
ఆవిరి గురించి అడిగారు కదా. చలికాలం అద్దానికి లోపలి వైపు పడుతుంది, మన ఊపిరిదే ఆ తడి. గుడ్డతో తుడిస్తే గీతలు పడి ఇంకా మసకబారుతుంది. ఏసీ ఆన్ చేయండి, గాలి అద్దం మీదకి తిప్పండి, బయటి గాలి లోపలికొచ్చే బటన్ పెట్టండి. చలికి ఏసీ ఏంటి అనుకోవద్దు, ఏసీ గాల్లో తడి లాగేస్తుంది. వేడి కావాలంటే దాంతోపాటే హీటర్ తిప్పుకోండి. నిమిషంలో అద్దం శుభ్రం.

బయటివైపు మంచు చుక్కలు పడుతూనే ఉంటాయి, మధ్యమధ్యలో వైపరు వేయాలి. రబ్బరు ఎండకి గట్టిపడి ఉంటే చూపు ఇంకా పాడవుతుంది, బయల్దేరే ముందు మార్పించండి. ఖర్చు పెద్దదేం కాదు. బ్యాటరీ పాతదైతే అదీ చూపించండి, చలికాలం పొద్దున్నే మొరాయించేవి అవే.

ఫ్రెస్నో_ఫణి
మాది తెనాలి, ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉంటున్నాను. ఇక్కడి సెంట్రల్ వ్యాలీలో చలికాలం పడే పొగమంచుని టూలీ ఫాగ్ అంటారు. టూలీ అంటే ఇక్కడి చిత్తడి నేలల్లో పెరిగే ఒక రెల్లు. నవీన్ చెప్పిన కథే ఇక్కడా: వాన పడి నేల తడిసి, రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి లేకపోతే తెల్లారేసరికి బాదం తోటలు మాయం. ఇలాంటి రోజుల్లో కొన్ని బడులు రెండు గంటలు ఆలస్యంగా తెరుస్తారు, మంచు తీసేదాకా పిల్లల బస్సు బయల్దేరదు. మా అమ్మాయి బడి నుంచి పొద్దున్నే ఆ కబురొస్తే ఇంట్లో అందరం మళ్లీ ముసుగు తన్నుతాం.

మిన్నెసోటా_మురళి
మంచు అంటే మాకు ఇంకో రకం. ఇక్కడికొచ్చిన మొదటి ఏడు నల్లమంచు మీద జారాను. రోడ్డు తడిసినట్టే కనబడుతుంది, అది తడి కాదు, పల్చటి గాజు లాంటి గడ్డ. వంతెనల మీద ముందు పడుతుంది, ఎందుకంటే వంతెనకి కింద నుంచీ చలే. కారు గిర్రున తిరిగింది. అప్పుడు నేను చేసింది బ్రేకు మీద నిలబడటం, చేయకూడనిదీ అదే. యాక్సిలరేటరు వదిలి, వెళ్లాల్సినవైపు చూస్తూ మెల్లగా స్టీరింగ్ తిప్పాలి. బ్రేకు తప్పక తొక్కాల్సొస్తే, ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు) ఉన్న కారులో పెడల్ కాలి కింద గడగడలాడుతుంది, భయపడి వదలకూడదు. ఆ రోజు ఎదురుగా ఎవరూ రాలేదు, అదృష్టం.

అయినా చెప్పనా? చలికాలం నడపడం నాకు ఇష్టం. మంచు కురిసి ఆగాక తెల్లారి మొదటి కారు మనదైతే, ఆ నిశ్శబ్దం వేరు. టైరు కింద మంచు కరకరలాడే చప్పుడొక్కటే.

మాంట్రియల్_మాధవి
మా క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు తప్పనిసరి, చట్టం. 7 డిగ్రీల కిందకి వెళ్తే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది. కొత్తగా వచ్చే మన పిల్లలు "ఒక్క ఏడాదికి ఎందుకులే" అని పాతవాటితో తిరుగుతుంటే నాకు ప్రాణం ఒప్పదు. కారు మంచులో కూరుకుపోయి ఇంజను ఆన్‌లో పెట్టుకుని కూర్చోవాల్సొస్తే, ముందు దిగి పొగ గొట్టం చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుపోతే విషవాయువు లోపలికి వస్తుంది, వాసన కూడా తెలియదు. ఇది చదివేవాళ్ల పిల్లలు ఎవరైనా ఇటువైపు ఉంటే దయచేసి చెప్పండి.

ఉండి_రాజు
మురళి గారూ, మాధవి గారూ, మీవి చదువుతుంటే ఇక్కడ దుప్పటి కప్పుకున్నానండి. మా కాలవే నయం.

బుల్లెట్_బాబ్జీ
కార్లవాళ్లకి అద్దాలున్నాయి, మా బైకులవాళ్ల బాధ ఎవరు వింటారు! పోయిన నెల నర్సీపట్నం నుంచి లంబసింగి వెళ్లాం, నాలుగు బైకులు. చొక్కా లోపల న్యూస్‌పేపర్ పెట్టుకోండి, చాతీకి గాలి తగలదు, మా తాత నేర్పిన విద్య. హెల్మెట్ అద్దానికి ఆవిరి పడితే ఒక చుక్క షాంపూ రాసి పొడిగుడ్డతో తుడవండి, పడదు.

ఘాట్ ఎక్కేటప్పుడు వేళ్లు కొయ్యబారి క్లచ్ కూడా తెలియలేదు. అయితే చెరువులవేనం కొండ మీద కిందకి చూస్తే లోయ నిండా పాలు పోసినట్టు మబ్బులు. వేళ్ల నొప్పి అక్కడే మర్చిపోయాను.

చింతపల్లి_కాఫీ
బాబ్జీ, మీరు చూసిన లోయలోనే మా ఊరు. మీరు రావడం మాకు సంతోషమే, టీ కొట్లు, హోమ్‌స్టేలు నడుస్తున్నాయి. లంబసింగిని మా పెద్దవాళ్లు కొర్రబయలు అంటారు, రాత్రి బయట ఉన్న మనిషి పొద్దునకి కొర్రలా, అంటే కట్టెలా, బిగుసుకుపోతాడని ఆ పేరు. ఊరు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, చలి అలాంటిది.

ఒక్కటి అడుగుతాను. తెల్లవారే మబ్బులు చూడాలని మూడింటికి, నాలుగింటికి కార్లు ఘాట్ మీద పరిగెత్తిస్తారు. ఆ టైముకే మావాళ్లు కట్టెల మోపులు నెత్తిన పెట్టుకుని, సంతకి కూరగాయలు కావిడి వేసుకుని రోడ్డు పక్కనే నడుస్తుంటారు. నల్ల దుప్పటి కప్పుకుని ఉంటారు, మీకు కనబడరు. ముందురోజు సాయంత్రమే వచ్చి పడుకోండి. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదలకండి, రెండో గేరులో దిగండి. ఎక్కే బండికి దారివ్వండి.

నార్కట్‌పల్లి_నవీన్
చింతపల్లి అన్న చెప్పింది మా దిక్కు కూడ సేమ్. ఇంకోటి యాదికొచ్చింది. కోతల టైముల ఊర్ల రోడ్ల మీద వడ్లు ఎండబోస్తరు. రాత్రికి కుప్ప జేసి నల్ల తాడిపత్రి (టార్పాలిన్) కప్పి చుట్టు రాళ్లు పెడ్తరు. సగం రోడ్డు అదే. మంచుల బైకోళ్లు దానికే తగిలి పడ్తున్నరు. రైతును తిట్టేటట్టు లేదు, కల్లం లేదు, కొనుగోలు సెంటర్‌ల జాగ లేదు, తడి వడ్లు కొనరు. ప్రతి ఊరికి ఎండబోసుకునే జాగ ఇస్తె సగం యాక్సిడెంట్లు ఆగుతయి.

లారీవాళ్ల_అబ్బాయి
నవీన్ మాటకి ఇంకొకటి. బాబాయి పోయాక మా నాన్న ఒక అలవాటు చేసుకున్నాడు. బండిలో ఎప్పుడూ ఎర్ర రేడియం స్టిక్కర్ రోల్ ఒకటి ఉంటుంది. ఎక్కడైనా టీకి ఆగితే, వెనక లైటు లేని ట్రాక్టరు గానీ ఎడ్లబండి గానీ కనబడితే అడిగి రెండు ముక్కలు అంటిస్తాడు. చెరుకు ట్రాక్టర్లకి, గడ్డి ట్రాక్టర్లకి. ఇప్పుడు రిటైరైనా కంచికచర్లలో మా వీధి చివర అదే పని. ఎవరూ వద్దనలేదు ఇంతవరకు.

కొత్తస్టీరింగ్_సుధ
అన్నీ చదివాను. నిజానికి అత్తయ్యే నా ఫోన్ తీసుకుని మామయ్యకి బయటికి చదివి వినిపించారు. మాస్టారి లెక్క దగ్గర మామయ్య ఆపించి, కాగితం మీద తనూ వేసుకున్నారు. లారీవాళ్ల అబ్బాయి బాబాయి గారి దగ్గర ఏమీ మాట్లాడలేదు. రాత్రి పడుకునే ముందు "ఏడింటికి బయల్దేరదాం, విజయవాడలో మీ పిన్ని ఇంట్లో పడుకుని మర్నాడు ఎండెక్కాక వెళ్దాం" అన్నారు. ఊరు చేరాక మళ్లీ రాస్తాను.

మొహమాటం_మూర్తి
మన అందరి సలహాల కన్నా అత్తయ్యగారి గొంతే పనిచేసింది 🙏

స్పీడ్_సతీష్
నేనూ ఈసారి ఏడున్నరకి బయల్దేరుతున్నా. టోల్ దగ్గర నిలబడితే నిలబడతాను.

కొత్తస్టీరింగ్_సుధ
చేరాం! కనుమ రోజు రాస్తున్నాను, పండగ పనుల్లో కుదరలేదు.

పంతంగి దగ్గర నలభై నిమిషాలు పట్టింది, సతీష్ గారన్నట్టు. చిట్యాల దాటాక ఎనిమిదిన్నరకి ఇంకా మంచుంది. రెండు గీతలు కనబడుతున్నాయి, చాలా మెల్లగా వెళ్తున్నాను. పాటలు ఆపేసి, అద్దం కొంచెం దించాను, వెనక హారన్లు వినబడాలని. రెండో గీత కూడా కనబడకుండా పోయేలోపే మామయ్యే "అమ్మా, ఆ డాబా దగ్గర ఆపెయ్" అన్నారు. కారుని రోడ్డుకి దూరంగా లోపలిదాకా పెట్టించారు. అల్లం టీ తాగుతూ కూర్చున్నాం. మా బాబు నోటి నుంచి పొగ వదులుతూ రైలింజను ఆట ఆడాడు. తొమ్మిదింబావుకి ఎండ తగిలి మంచు పొలం మీద నుంచి మెల్లగా లేచింది. చూస్తుండగానే తుమ్మచెట్లు, కరెంటు స్తంభాలు, దూరంగా గుట్ట ఒకదాని తర్వాత ఒకటి బయటపడ్డాయి. పదేళ్లుగా ఆ దారిన వెళ్తున్నాను, అక్కడొక గుట్ట ఉందని నాకు తెలియదు.

మర్నాడు గుడివాడ దాటాక రోడ్డు పక్కన ఉడికించిన తేగలు కొన్నాం. కైకలూరు దగ్గర చెరువుల మీద ఇంకా పల్చగా పొగలాగా ఉంది గానీ రోడ్డు తేటగా ఉంది, రాజు గారూ. మీ కాలవ వంపులు చూశాక మూడింటికి బయల్దేరి ఉంటే ఏమయ్యేదో అనిపించింది.

లారీవాళ్ల అబ్బాయీ, ఇది మీ నాన్నగారికి చెప్పండి. బయల్దేరే ముందురోజు మామయ్య హైదరాబాద్‌లో రేడియం రోల్ ఒకటి కొన్నారు. నిన్న పొద్దున మా ఊళ్లో ఆరు ట్రాక్టర్లకి, రెండు ఎడ్లబండ్లకి అంటించేశారు. రోల్ అయిపోయింది. బళ్లు ఇంకా ఉన్నాయట, భీమవరంలో ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమంటున్నారు. ఉండి రాజు గారూ, మీకేమైనా తెలుసా?

ఉండి_రాజు
పాత బస్టాండ్ దగ్గర నంబరు ప్లేట్లు రాసే కొట్లలో అడగండి, మీటర్ల లెక్కన ఇస్తారు. రేపు ఎలాగూ నేను అటు వెళ్తున్నానండి, రెండు రోల్స్ తెస్తాను. ఒకటి మీ మామయ్యగారికి, ఒకటి మా ఊరికి.